గాలి తూనిక

కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున, ఖిదిర్‌పూర్ రేవును ఆనుకొని వాట్‌గంజ్ అనే పేట ఉన్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇంజనీరుగా ఉండిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే కాలక్రమాన ఈ పేటకు పేరయింది. పద్ధెనిమిదో శతాబ్దం చివరి పాదంలో ఆయన ఇక్కడ ఓడల నిర్మాణశాలను నెలకొల్పాడు. 1781లో నాన్‌సచ్ అనే ఓడ ఇక్కడినుంచే నీటిలోకి దిగింది. నూరేండ్ల తరువాత, 1892లో, ఇదే ప్రాంతంలో ఖిదిర్‌పూర్ డాకులు ప్రారంభమయ్యాయి. వాట్‌గంజ్‌కు పొరుగునే ఆలీపూర్. అక్కడి వాతావరణ కేంద్రం పేరు వంగదేశంలో పత్రిక చదివే ప్రతివారికీ సుపరిచితం.

ఒకవైపు ఓడలు, మరొకవైపు గాలిని కొలిచే పరికరాలు. ఈ ఇరుగుపొరుగు వట్టి కాకతాళీయమనిపించవచ్చు. కాని మన దేశంలో వాతావరణాన్ని క్రమబద్ధంగా కొలవడమనే పని రేవుల అవసరం నుంచే బలం పుంజుకొన్నది. దానికి చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు.

1864 అక్టోబరు 5వ తేదీన బంగాళాఖాతం నుంచి వచ్చిన తుఫాను హుగ్లీ ముఖద్వారం మీదుగా కలకత్తాను తాకింది. ఆనాడు రేవులో 195 ఓడలు లంగరు వేసి ఉన్నాయి. దెబ్బ తినకుండా మిగిలినవి ఇరవైమూడు మాత్రమే. ఓడలు గొలుసులు తెంచుకొని, ఒకదానిపై ఒకటి పడి, ఒడ్డుకెక్కి ముక్కలయ్యాయి. నది పొడవునా పైకెగసిన ఉప్పెన పల్లపు గ్రామాలను ముంచివేసింది. చనిపోయినవారు యాభైవేలకు తక్కువ కారని అంచనా.

అంతటి మహానగరంలో ఆనాడు గాలిని కొలిచే సాధనాలు లేవా? ఉన్నాయి. పెద్ద ఓడలలో వాయుభారమాపకాలు ఉండేవి. వార్త పంపే తంతి కూడా ఉన్నది. కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకు వేసిన టెలిగ్రాఫు తీగ 1851 నాటికే పనిచేస్తున్నది. అయినప్పటికీ హెచ్చరిక రాలేదు. కారణం తెలియాలంటే ముందుగా ఆ పరికరం ఏమి చెబుతుందో, ఏమి చెప్పలేదో గ్రహించాలి.

గాలికీ బరువున్నది

మనం గాలి సముద్రం అడుగున నివసిస్తున్నాము. చదరపు సెంటీమీటరు వైశాల్యంపై నిలిచిన గాలి స్తంభం బరువు సుమారు ఒక కిలోగ్రాము. అరచేతి వైశాల్యం నూరు చదరపు సెంటీమీటర్లనుకొంటే దానిపై పడే భారం దాదాపు ఒక క్వింటాలు. అన్ని వైపుల నుంచీ సమానంగా ఒత్తుతున్నందువల్ల మనకు ఆ స్పృహ ఉండదు.

ఈ బరువును మొదట తూచినవాడు ఇటలీ దేశస్థుడైన టోరిచెల్లి. 1640 దశకంలో ఆయన ఒక చివర మూసిన గాజుగొట్టాన్ని పాదరసంతో నింపి, పాదరసపు పాత్రలో తలక్రిందులుగా నిలిపాడు. గొట్టంలోని పాదరసం కొంత దిగి, సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున ఆగిపోయింది. బయటి గాలి బరువే దానిని అంత ఎత్తున నిలబెడుతున్నది. పాదరసానికి బదులు నీరు వాడితే పది మీటర్లకు పైబడిన గొట్టం కావాలి. 1648లో ఫ్రాన్సులో పాస్కల్ కోరికపై ఆయన బావగారు పెరియే ఈ పరికరాన్ని ప్వీ ద డోమ్ అనే కొండపైకి మోసుకుపోయాడు. ఎక్కినకొద్దీ పాదరసం మట్టం తగ్గింది. పైన గాలి తక్కువ, బరువూ తక్కువ అని రుజువయింది.

సూత్రం ఇంత సులభమైనా కొలవడం సులభం కాదు. పాదరసం వేడికి వ్యాకోచిస్తుంది. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలుంటే ఆ ఒక్క కారణం వల్లనే పాదరసం మట్టం దాదాపు అయిదు మిల్లీబార్లు ఎక్కువ చూపుతుంది. సముద్రమట్టం దగ్గర ప్రతి ఎనిమిది మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక మిల్లీబారు తగ్గుతుంది. అంటే మేడమీది పరికరం, నేలమీది పరికరం ఒకే గాలిని వేర్వేరుగా తూస్తాయి. గురుత్వాకర్షణ అక్షాంశాన్ని బట్టి మారుతుంది. గొట్టం తయారీలోని లోపం ఉండనే ఉన్నది. వీటన్నిటికీ సవరణలు చేసిన తరువాతనే రెండు ఊళ్ళ కొలతలు పోల్చడానికి పనికివస్తాయి. సవరించని కొలత దొంగ తక్కెడ వంటిది. దానిని నమ్మి బేరం చేసినవాడే నష్టపోతాడు.

ఉష్ణమండలంలో ఇంకొక విశేషం ఉన్నది. సముద్రానికి ఉన్నట్లే గాలికీ ఆటుపోట్లున్నాయి. వాయుపీడనం ఉదయం పది గంటల ప్రాంతాన హెచ్చి, సాయంత్రం నాలుగు గంటలకు తగ్గి, రాత్రి పదింటికి మళ్ళీ హెచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ తగ్గుతుంది. ఈ ఊగిసలాటకు ముఖ్య కారణం సూర్యుని వేడిమి. కలకత్తా వంటి చోట్ల దీని పరిమాణం మూడు నాలుగు మిల్లీబార్లకు మించదు. ఉదయం పది గంటలకు పెరగవలసిన పీడనం పెరగకుండా నిలిచిపోతే, ఎక్కడో ఏదో చెడు మూడుతున్నదని అనుభవజ్ఞుడైన నావికుడు అనుమానించేవాడు. కాని ఒక్క పరికరం చెప్పగలిగినది అంతవరకే. పీడనం తగ్గుతున్నదని అది చెబుతుంది. తుఫాను ఏ దిక్కున ఉన్నదో, ఎటు కదులుతున్నదో, ఎప్పుడు వస్తుందో చెప్పలేదు.

కోరంగి నేర్పిన పాఠం

ఆ ప్రశ్నలకు సమాధానం వెదకినవారిలో హెన్రీ పిడింగ్టన్ ప్రముఖుడు. యౌవనంలో వాణిజ్య నౌకలు నడిపి, తరువాత కలకత్తాలో స్థిరపడిన ఈ ఆంగ్లేయుడు ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే న్యాయసభకు అధ్యక్షుడుగా ఉండేవాడు. ఆయన వాడిన ముఖ్యమైన సాధనం గాజుగొట్టం కాదు, కాగితం. తుఫానులో చిక్కి బయటపడిన ఓడల లాగ్‌బుక్కులను సేకరించి, ఏ రోజు, ఏ గంటకు, ఏ ఓడ ఎక్కడ ఉన్నది, గాలి ఏ దిక్కు నుంచి వీచింది, పాదరసం ఎంత చూపింది అనే వివరాలను పటంపై గుర్తించేవాడు. ఒకే గంటకు సంబంధించిన బాణపు గుర్తులన్నీ పటంపై చేరేసరికి అవి ఒక కేంద్రం చుట్టూ తిరుగుతున్న చక్రంగా కనిపించేవి.

1839లో ఆరంభమైన ఈ పరిశోధనా పత్రాలు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. వాటిలో రెండవది తెలుగుదేశానికి చెందినది. 1839 నవంబరులో గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి రేవును ధ్వంసం చేసిన తుఫానును గూర్చి ఆయన అందులో పరిశీలించాడు. 1789 డిసెంబరులో అదే కోరంగిని ముంచిన ఉప్పెన వృత్తాంతాన్ని కూడా ఆయన గ్రంథస్థం చేశాడు. ఒకనాడు ఓడల నిర్మాణానికి ప్రసిద్ధి కెక్కిన కోరంగి ఈ దెబ్బల తరువాత మళ్ళీ కోలుకోలేదు.

1848లో పిడింగ్టన్ నావికుల కోసం ఒక కరదీపికను ప్రకటించాడు. పారదర్శకమైన కొమ్ముతో చేసిన పలుచని రేకులపై గాలి చక్రాన్ని గీయించి పుస్తకంతోపాటు ఇచ్చాడు. ఓడ అధిపతి ఆ రేకును తన సముద్ర పటంపై పరచి, గాలి దిక్కుతో సరిపోల్చుకొని, తుఫాను కేంద్రం ఎటున్నదో అంచనా కట్టవచ్చు. ఆ పుస్తకంలోనే ఆయన గ్రీకు భాష నుంచి, పాము చుట్టను స్ఫురింపజేసే పదాన్ని తీసుకొని ఈ సుడిగాలులకు 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. నేడు ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట కలకత్తాలో పుట్టింది. దాని వెనుక బంగాళాఖాతంలోని ఓడల అనుభవం, కోరంగి గోడు ఉన్నాయి.

1853లో పిడింగ్టన్ మరొక హెచ్చరిక చేశాడు. కలకత్తాకు ప్రత్యామ్నాయంగా మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడ ఏదో ఒకనాడు ఉప్పెన తప్పదని గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ వ్రాశాడు. అయినా రేవు కట్టారు. దానికి క్యానింగ్ పేరు పెట్టారు. 1858లో పిడింగ్టన్ మరణించాడు. 1867 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెన క్యానింగ్ రేవును దెబ్బతీసింది.

ఒకే గంట, ఒకే పటం

పిడింగ్టన్ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. అది ఆయన దోషం కాదు, కాలదోషం. ఓడలు రేవు చేరిన తరువాతనే లాగ్‌బుక్కులు చేతికందేవి. అంటే తుఫాను వెళ్ళిపోయిన తరువాతనే దాని చిత్రం పూర్తయ్యేది. 1864 అక్టోబరు తుఫానుపై గాస్ట్రెల్, బ్లాన్‌ఫర్డ్ అనే ఇద్దరు జరిపిన దర్యాప్తులో, అది అండమాన్ దీవుల సమీపంలో కొన్ని రోజుల ముందే రూపు దాల్చినట్లు తేలింది. సముద్రంలోని ఓడలలో పాదరసం పడిపోతూనే ఉన్నది. కాని ఆ ఓడలకు తీరంతో మాట్లాడే దారి లేదు. తీరంలో ఉన్న పరికరాలను ఒకే గంటకు చూసి, ఒకచోటికి తంతి పంపే ఏర్పాటు లేదు. బ్రిటన్‌లో ఫిట్జ్‌రాయ్ 1861 నాటికే ఇటువంటి ఏర్పాటుతో రేవులకు హెచ్చరికలు ఆరంభించాడు. కలకత్తాకు ఆ భాగ్యం కలుగలేదు.

ఆ తుఫాను గాయం మానకముందే, 1864 నవంబరు 1వ తేదీన మరొక తుఫాను మచిలీపట్నాన్ని తాకింది. ఉప్పెన పట్టణాన్ని ముంచి, మైళ్ళ దూరం లోపలికి చొచ్చుకుపోయింది. సుమారు ముప్పైవేలమంది ప్రాణాలు కోల్పోయారు. అటు వంగతీరం, ఇటు ఆంధ్రతీరం ఒకే సముద్రానికి ముఖాలైనా, ఒకరి విపత్తు మరొకరికి ముందుచూపు కాలేకపోయింది.

మరుసటి సంవత్సరం, 1865లో, కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు పంపే పద్ధతి మొదలయింది. 1867లో బ్లాన్‌ఫర్డ్ వంగరాష్ట్రానికి వాతావరణాధికారి అయ్యాడు. కాని అప్పటికి ఒక్కొక్క రాష్ట్రానిదీ ఒక్కొక్క తీరు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, బ్లాన్‌ఫర్డ్ దానికి తొలి అధిపతి అయినప్పుడు ఆయన ముందున్న ముఖ్యమైన పని కొత్త పరికరాలు కనిపెట్టడం కాదు. ఉన్న పరికరాలన్నీ ఒకదానితో ఒకటి సరితూగేటట్లు చేయడం, అన్ని చోట్లా ఒకే పద్ధతిలో చదివించడం. శాఖ కేంద్ర కార్యాలయం తొలుత కలకత్తాలోనే ఉండేది.

ధాన్యపు కొట్టు ముందు మూరెడు వెడల్పు మూతి గల పాత్రను పెట్టి వాన కొలవాలని అర్థశాస్త్రం ఏనాడో చెప్పింది. ఎక్కడైనా, ఎప్పుడైనా పాత్ర కొలత ఒకటిగా ఉండాలన్నదే ఆ నియమంలోని ఆంతర్యం. స్వతంత్ర భారతంలో ఈ నియమాన్ని వ్రతంగా పాటించిన శాస్త్రవేత్త అన్నా మణి (1918–2001). కేరళలో పుట్టి, 1948లో పుణెలోని వాతావరణ శాఖలో చేరిన ఆమె, అంతవరకు విదేశాల నుంచి తెప్పించుకొన్న పరికరాలను స్వదేశంలోనే తయారు చేయించడానికి దాదాపు నూరు పరికరాల నమూనా చిత్రాలను ప్రామాణికంగా రూపొందింపజేశారు. తప్పుడు కొలత కంటె అసలు కొలత లేకపోవడమే మేలని ఆమె విశ్వాసం.

నేల విడిచి నింగికి

నేలమీది పీడనం గాలి సముద్రం మొత్తం బరువును చెబుతుంది. ఆ సముద్రంలో ఏ పొర వెచ్చగా ఉన్నదో, ఏ పొర తడిగా ఉన్నదో చెప్పదు. తుఫాను పుట్టుక, నడక ఆ పై పొరలపైనే ఆధారపడి ఉంటాయి. కనుక పరికరమే పైకి పోవాలి. మొదట గాలిపటాలతో, తరువాత బెలూన్లతో ఆ ప్రయత్నం జరిగింది. అయితే పరికరం నేలపై పడి, ఎవరికైనా దొరికి, తిరిగి వచ్చేవరకు కొలత తెలిసేది కాదు. పిడింగ్టన్ లాగ్‌బుక్కుల చిక్కే ఇక్కడా ఎదురయింది.

1929లో ఫ్రాన్సులో రాబర్ట్ బ్యూరో, 1930లో రష్యాలో మొల్చనోవ్ దీనికి పరిష్కారం చూపారు. బెలూనుకు పరికరంతోపాటు చిన్న రేడియో ప్రసారిణిని కట్టి పంపారు. అదే రేడియోసాండ్. నిమిషానికి సుమారు మూడువందల మీటర్ల చొప్పున పైకి పోతూ, పీడనం, ఉష్ణోగ్రత, ఆర్ద్రత ఎప్పటికప్పుడు నేలకు చెబుతుంది. దాదాపు ముప్పై కిలోమీటర్ల ఎత్తున, గాలి బరువు నేలపై ఉన్నదానిలో నూరోవంతుకు తగ్గిన చోట, బెలూను ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. నేటికీ ప్రపంచమంతటా వందలాది కేంద్రాల నుంచి ఈ బెలూన్లు ఒకే గంటలకు సంబంధించి ఎగురుతున్నాయి. భారత కాలమానం ప్రకారం అవి ఉదయం అయిదున్నర, సాయంత్రం అయిదున్నర. దేశాల మధ్య ఎన్ని వైరాలున్నా ఈ గంటల విషయంలో ఒప్పందం చెక్కు చెదరలేదు.

తుఫానును దూరం నుంచే చూడగల కన్ను రాడార్. అది పంపిన రేడియో తరంగాలు వానచినుకులకు తగిలి వెనక్కు వస్తాయి. మన దేశంలో తుఫానులను కనిపెట్టే తొలి తీర రాడార్‌ను 1970లో విశాఖపట్నంలో స్థాపించారు. తరువాత వచ్చిన డాప్లర్ రాడార్లు చినుకులు ఉన్న చోటునే కాక, అవి ఎంత వేగంతో దగ్గరకు వస్తున్నవో, దూరమవుతున్నవో కూడా చెబుతాయి. మబ్బులు లేని నిర్మలాకాశంలోని గాలిని కొలిచే రాడార్ తిరుపతి సమీపాన గాదంకిలో ఉన్నది. అక్కడ బారులు తీరిన 1,024 యాంటెన్నాలు ఇరవై కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి వేగాన్ని, దిశను పసిగడతాయి.

1960 ఏప్రిల్‌లో అమెరికా పంపిన టైరోస్ ఉపగ్రహంతో మనిషి మొదటిసారి మేఘాలను పైనుంచి అదేపనిగా చూడసాగాడు. నడిసముద్రంలో ఓడ లేకపోయినా తుఫాను కంటబడుతుంది. మేఘాల అమరికను, వాటి శిఖరాల చల్లదనాన్ని బట్టి తుఫాను బలాన్ని లెక్కగట్టే పద్ధతిని 1970 దశకంలో వెర్నన్ డ్వోరాక్ రూపొందించాడు. 2013లో ప్రయోగించిన మన ఇన్సాట్-3డి ఉపగ్రహంలో, భూమి నుంచి వెలువడే పరారుణ కిరణాలను వేర్వేరు తరంగాలుగా విడదీసి, వాతావరణంలోని ఒక్కొక్క పొర ఉష్ణోగ్రతను అంచనా కట్టే సాధనాన్ని అమర్చారు. ఇంత జరిగినా బెలూను, నేలమీది మాపకం అక్కరకు రాకుండా పోలేదు. ఉపగ్రహం చెప్పినది నిజమో కాదో తేల్చడానికి వాటి సాక్ష్యమే కావాలి.

కొలత ఎవరికి చేరాలి?

1999 అక్టోబరులో ఒడిశాను తాకిన పెను తుఫాను కేంద్రంలో పీడనం 912 మిల్లీబార్లకు పడిపోయినట్లు అంచనా. మామూలుగా అది 1,010 ప్రాంతాన ఉంటుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం ఒక సెంటీమీటరు లేస్తుంది. ఆ లెక్కన నూరు మిల్లీబార్ల తగ్గుదల వలన లేచేది ఒక మీటరు మాత్రమే. అయిదారు మీటర్ల ఉప్పెన ఎక్కడిది? మిగిలినదంతా తీరం వైపు నీటిని నెట్టుకువచ్చే గాలిది, ఆ నీటికి పోవడానికి చోటివ్వని నిస్సారమైన సముద్రగర్భానిది. కనుకనే బంగాళాఖాతపు తీరంలో ప్రాణాలు తీసేది గాలి కంటె నీరే ఎక్కువ. కనుకనే గాలిని ముందుగా కొలవడం ఇక్కడ జీవన్మరణ సమస్య.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు 1864 నాటి లోపం లేదు. ఉపగ్రహాలు ఉన్నాయి, రాడార్ ఉన్నది, వాతావరణ శాఖ హెచ్చరికలు వెలువడ్డాయి. అయినా ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించారు. కొలత కార్యాలయం వరకు వచ్చింది. చిట్టచివరి పల్లెలోని పాలేరు గుడిసె వరకు పోలేదు. పోయిన చోట్ల కూడా, తలదాచుకోవడానికి గట్టి కట్టడం లేదు. ఆ తరువాత తీరం పొడవునా తుఫాను రక్షణ భవనాలు లేచాయి. హెచ్చరికలను ఉపగ్రహం ద్వారా నేరుగా తీరగ్రామాలకు చేర్చే ఏర్పాటు 1980 దశకంలో వచ్చింది. 1990 మే నెలలో ఇంచుమించు అదే తీరాన్ని మరొక ప్రచండమైన తుఫాను తాకినప్పుడు, లక్షలాది ప్రజలను ముందే తరలించారు. మృతులు వేయిమంది లోపే. వేయి ప్రాణాలు తక్కువేమీ కావు. కాని పదమూడేండ్లలో సముద్రం మెత్తబడలేదన్నది గుర్తుంచుకోవాలి. మారినది మనుషులు చేసుకొన్న ఏర్పాటే.

పాదరసం విషపదార్థం కనుక, 2013 నాటి మినమాటా ఒప్పందం తరువాత గాజుగొట్టాల స్థానాన్ని సిలికాన్ రేకులతో చేసిన విద్యుత్ మాపకాలు ఆక్రమించుకొంటున్నాయి. పరికరాలు మారుతూనే ఉంటాయి. కాని టోరిచెల్లి గొట్టానికైనా, ఉపగ్రహానికైనా వర్తించే నియమం ఒకటే: సరిగా కొలవాలి, అందరూ ఒకే గంటకు కొలవాలి, ఆ కొలత అవసరమైనవాడికి వేళకు చేరాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తక్కిన రెండూ వృథా.

ఈ సత్యం మన రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలలోనే ఇమిడి ఉన్నది. ఒకటో నంబరు నుంచి పదో నంబరు వరకు తుఫాను దూరాన్ని, తీవ్రతను, దిక్కును తెలుపుతాయి. పదో నంబరుకు మించిన గాలి ఏముంటుందని సామాన్యుడు అనుకొంటాడు. కాని ఆ వరుసలో పదకొండో నంబరు కూడా ఉన్నది. అది గాలిని గూర్చి ఏమీ చెప్పదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందని మాత్రమే దాని అర్థం.